వేణ్ణీళ్ళ లెక్క

మార్గశిరము వచ్చినదనగా కాశీబుగ్గలో తెల్లవాఱుజామున పెరళ్ళనుండి పొగ లేచుట మొదలగును. పలాస రైలుస్టేషనునకు పోవు త్రోవలో ఆ వేళ నడచినవారికి వాసననుబట్టియే ఏ యింట నేమి మండుచున్నదో తెలియును. కొబ్బరిమట్ట కొక వాసన, జీడికొమ్మ కొక వాసన. వంటయింట గ్యాసుపొయ్యి వచ్చినది. గదిగదికి విద్యుద్దీపము వచ్చినది. ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫోను వచ్చినది. స్నానపు నీళ్ళ కాగు మాత్రము పెక్కు పెరళ్ళలో ఇంకను మూడు రాళ్ళమీదనే యున్నది. ఆ పొయ్యి యెదుట కూర్చుండి ఊదువారెవరో సోదరీమణులకు మేము చెప్ప నక్కఱలేదు. అందఱికంటె ముందు లేచి అందఱికి నీళ్ళు తోడి, మిగిలిన గోరువెచ్చని నీళ్ళతో చివఱ స్నానము చేయునది ఆ యింటి యిల్లాలే.

ఈ కాగునకు బదులేమి యుంచుకొనవలెను? దుకాణదారుని అడిగినచో తన కొట్టులో నిలువయున్న వస్తువే మంచిదనును. ఇంటి మగవారిని అడిగినచో "పండుగకు ఏదో ఒకటి తెత్తము లెమ్ము" అందురు. మా అభిప్రాయమేమనగా, ఏదియు తేకమునుపు ఒక చిన్న లెక్క వేయవలెను. ఆ లెక్క ఇల్లాలే వేయవలెను. ఎవరికెన్ని నీళ్ళు కావలెనో, ఎవరు వేడిగా కోరుదురో, ఎవరు తొట్టి నిండ పోసికొందురో ఎఱిగినది ఆమె యొక్కతెయే గదా.

లెక్క కష్టమైనది కాదు. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించుటకు ఒక కిలోకెలోరి వేడిమి కావలెను. అట్టి కిలోకెలోరీలు 860 అయినచో, విద్యుత్తు బిల్లులో వ్రాయు ఒక యూనిట్టుతో సమానము. నలుగురున్న యింట తలకొక బిందె చొప్పున, అనగా తలకు 20 లీటర్లు, మొత్తము 80 లీటర్లు అనుకొందము. చలికాలపు ఉదయమున మేడమీది తొట్టిలోని నీరు సుమారు 24 డిగ్రీలుండును. ఒంటికి హితమైన వేడి 40 డిగ్రీలు. కావున పెంచవలసినది 16 డిగ్రీలే. 80ని 16 చే హెచ్చించిన 1280. దానిని 860 చే భాగించిన ఒకటిన్నర. నలుగురి స్నానమునకు నిజముగా కావలసిన వేడిమి దినమునకు ఒకటిన్నర యూనిట్టు మాత్రమే. ఇక మీదట చెప్పబోవు సాధనములన్నియు ఈ ఒకటిన్నర యూనిట్టును ఎంత నష్టముతో, ఎంత శ్రమతో, ఎంత అపాయముతో ఇచ్చుచున్నవో చూచుకొనుటయే మన పని.

మొదట కట్టెల సంగతి. మూడు రాళ్ళ పొయ్యిలో మండిన కట్టె యొక్క వేడిమిలో సుమారు పదియవ వంతు మాత్రమే నీటికి చేరును. తక్కినది గాలిలో కలియును. ఆ లెక్కను నలుగురి స్నానమునకు మూడు నాలుగు కిలోల ఎండుకట్టె కావలెను. ఉద్దానపు తోటలున్నవారికి కట్టె ఊరకనే వచ్చుచున్నదందురు. వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట ప్రాంతములలో కొబ్బరిమట్టకు వెల లేదనుట నిజమే. కాని మట్టలు ఏఱుట, ఎండబెట్టుట, వానకు తడియకుండ దాచుట, కొట్టుట, ఊదుట, మసిపట్టిన కాగు తోముట ఇవన్నియు ఎవరి చేతిమీదుగా నడచుచున్నవి? ఆ గంటకు కూలి కట్టిన కట్టె ఊరక వచ్చినట్లు తోచదు.

పొగ విషయమై ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుమాట మన స్త్రీలందఱు వినదగినది. ఇండ్లలో కట్టెలు, పిడకలు, బొగ్గు మండించుటవలని పొగచే 2020 సంవత్సరమున ప్రపంచమందు సుమారు 32 లక్షలమంది మరణించిరని ఆ సంస్థ అంచనా. పెరటి పొయ్యి ఆరుబయట నున్నది గనుక పొగ యెగిరిపోవుననుకొందుము. అయితే వానకాలమున ఆ పొయ్యి వసారాలోనికి వచ్చును. చలికాలమున మంచు పొగను పైకి పోనీయదు. ఊదు మనిషి ముఖము ఎల్లప్పుడును పొయ్యికి మూరెడు దూరములోనే యుండును.

ఇచ్చట మన ప్రాంతమునకు ప్రత్యేకమైన మాట యొకటి చెప్పవలెను. పలాస జీడిపరిశ్రమలో పనిచేయు స్త్రీలకు జీడిపిక్కల తొక్క సంగతి తెలియనిది కాదు. ఆ తొక్కలోని నూనె చేతికి తగిలినచో చర్మము నల్లబడి పొక్కును. అట్టి తొక్కను, బాగుగా మండుచున్నది గదా యని, నీళ్ళపొయ్యిలో వేయువారు కలరు. మండుట నిజమే, నూనె గలది గనుక కట్టెకంటె చుఱుకుగా మండును. కాని ఆ పొగ కండ్లను గొంతును మండించును. కర్మాగారపు ఎత్తైన గొట్టము క్రింద మండవలసిన వస్తువది. పసిబిడ్డ నీళ్ళకాగు క్రింద మండదగినది కాదు.

కాగును ఒక్కసారిగా పాఱవేయుమనుట మా ఉద్దేశము కాదు. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు ఏ యంత్రములో కాచుదుము? భోగినాడు తలంట్లకు ఇంటినిండ బంధువులు దిగినప్పుడు ఏ గీజరు చాలును? అట్టి దినముల కొఱకు పొయ్యి యుండవచ్చును. అయితే మూడు రాళ్ళకు బదులు, మంటను చుట్టి మూసి నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరుగాని, మట్టితో మెత్తిన గూటిపొయ్యిగాని యున్నచో కట్టె చాల తక్కువ పట్టును; పొగ తల మీదుగా పోవును.

గ్యాసు సంగతికి వత్తము. మన రాష్ట్రమున ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చు దీపం రెండవ పథకము 2024 నవంబరు 1వ తేదీన మన జిల్లాలోనే, ఇచ్ఛాపురము మండలము ఈదుపురములో ఆరంభమైనది. ఉచితముగా వచ్చినదే గదా యని నీళ్ళుకూడ దానిమీదనే పెట్టువారున్నారు. లెక్క చూడుడు. మూత లేని గిన్నెలో నలుగురి నీళ్ళు కాచుటకు దినమునకు సుమారు 200 గ్రాముల గ్యాసు పోవును. 14.2 కిలోల సిలిండరు ఈ ఒక్క పనికే 70 దినములలో ఖాళీ యగును. మూడు సిలిండర్లును ఏడు నెలలలో స్నానపు గదిలోనే కరగిపోవును. తరువాత వంటకు కొనుక్కొనవలసినదే. గిన్నెకు మూత వేయుట, కావలసిన వేడికంటె ఎక్కువ కాగనీయకుండుట, ఈ రెండే అందులో పొదుపునకు మార్గములు. సలసల కాగిన నీటిలో చన్నీళ్ళు కలుపుట మన అలవాటు. అందువలన గ్యాసు ఏమంత ఎక్కువ పోదు కాని, కాగిన గిన్నెను వంటయింటినుండి స్నానాలగదికి మోసికొనిపోవుటలో కాళ్ళు కాలినవారెందఱో.

గ్యాసుగీజరని మఱియొకటి కలదు. వెంటనే వేడినీరిచ్చును, చౌకగా వచ్చును. కాని మూసిన చిన్నగదిలో అది మండినప్పుడు గాలి చాలక కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానమునకు పోయినవారు తలుపు లోపలనే స్పృహ తప్పి ప్రాణములు కోల్పోయిన వార్తలు మన దేశమున ప్రతి చలికాలము వచ్చుచునే యున్నవి. అది పెట్టదలచినవారు స్నానాలగది గోడకు వెలుపల, గాలి యాడుచోట పెట్టవలెను. గది లోపల పెట్టుదుమనువారిని ఇంటిలోనికి రానీయవలదు.

ఇంతకంటె ఎక్కువ యిండ్లలో నున్నది నీళ్ళలో ముంచు రాడ్డు. కొన్ని వందల రూపాయలకు దొరకును. 20 లీటర్ల బిందెను పావుగంటలో వేడెక్కించును. విద్యుత్తు నష్టమును తక్కువే. పొదుపు ఒక్కటే చూచినచో దానిని తప్పుపట్ట వీలులేదు. కాని మాకు రాడ్డన్న భయము. రాడ్డు పై తొడుగు ఎక్కడనో సన్నగా పగిలినను నీటికంతకు విద్యుత్తు ప్రాకును. నీళ్ళు వేడెక్కినవో లేదో యని వ్రేలు ముంచి చూచుట మన స్త్రీలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ అలవాటే ప్రాణాంతకము. మీట కట్టిన తరువాత మాత్రమేగాక, ప్లగ్గు ఊడబెఱికిన తరువాతనే నీటిని ముట్టవలెను. ఇనుప బక్కెటులో రాడ్డు పెట్టరాదు. తడికాళ్ళతో మీట ముట్టరాదు. ప్రాకు బిడ్డలున్నచోట దానిని నేలమీద నుంచరాదు. ఇంటి మీటల పెట్టెలో, విద్యుత్తు కొద్దిగా దారి తప్పినను క్షణములో సరఫరా ఆపు సాధనమొకటి బిగించుకొనవచ్చును. విద్యుత్తుపని చేయువాడు దానిని ఆర్.సి.సి.బి. యనును, ముప్పది మిల్లీయాంపియర్లది కావలెనని అడుగవలెను. రాడ్డు నాలుగుసార్లు కొనుటకు బదులు మొదట ఇది పెట్టించుట మేలని మా సలహా. ఎర్తు తీగ లేని పాతయిండ్లలో నున్నవారు రాడ్డు జోలికి పోకుండుటయే మేలు.

గీజరు దీనికంటె క్షేమకరము. అయితే దానిని ఎట్లు వాడుదుమో దానినిబట్టి బిల్లు. మన జిల్లాకు విద్యుత్తు నిచ్చునది ఆంధ్రప్రదేశ్ తూర్పుప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. 2022లో నిర్ణయించిన ధరలలో గృహములకు మొదటి 30 యూనిట్లు రూపాయి తొంబది పైసలు, అటు పిమ్మట 75 వఱకు 3 రూపాయలు, 125 వఱకు నాలుగున్నర, 225 వఱకు 6, 400 వఱకు ఎనిమిది ముప్పావు. ఇందులోని మెలకువ గమనింపుడు. దీపములు, పంకాలు, టీవీ, ఫ్రిజ్జు మనము మానలేనివి; అవి క్రింది మెట్లను ముందే నింపివేయును. గీజరు తినునదంతయు పై మెట్టు ధరకే పడును. నెలకు 120 యూనిట్లు కాల్చు యింట గీజరుకు దినమునకు రెండు యూనిట్ల చొప్పున నెలకు 60 చేరినచో, ఐదు యూనిట్లు నాలుగున్నర లెక్కను, 55 యూనిట్లు 6 లెక్కను సుమారు 352 రూపాయలు. దానిపై పన్నులు, సర్దుబాటు ఛార్జీలు వేఱు.

ఒకటిన్నర యూనిట్టు చాలునని మీరే చెప్పితిరి గదా, రెండు ఎందుకని అడుగవచ్చును. గీజరులో వేడెక్కిన నీరు ఊరకయే చల్లాఱుచుండును. చల్లాఱినప్పుడెల్ల యంత్రము మరల వేడెక్కించుచుండును. రాత్రి మీట వేసి ఉదయమున స్నానము చేయు యిండ్లలో ఈ వృథా మిక్కుటము. 15 లీటర్ల గీజరు 24 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తెచ్చుటకు ఇరువది నిమిషములు చాలును. కావున కాఫీ పొయ్యిమీద పెట్టినప్పుడు మీట వేయుట, అందఱును వరుసగా స్నానము ముగించుట, ఆఖరివారు లోనికి పోకముందే మీట తీసివేయుట మంచిది. 60 డిగ్రీల నీరు 15 లీటర్లున్నచో చన్నీళ్ళు కలుపుకొని సుమారు 34 లీటర్ల స్నానపు నీరగును. నలుగురికి 25 లీటర్ల గీజరు చాలును. ఇద్దఱే యున్న యింటికి 15 లీటర్లది ఎక్కువే.

ఈ వృథాను కొలిచి గీజర్లకు నక్షత్రములు వేయుచున్నది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్ర సంస్థ. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టము క్రింద 2002లో ఏర్పడినది. ఎక్కువ నక్షత్రములున్న గీజరునకు లోపలి కంబళి మందముగా నుండి వేడి నిలుచును. దినమంతయు మీట వేసియుంచు యింట ఐదు నక్షత్రములకు ఇచ్చిన ధర తిరిగి వచ్చును. ఇరువది నిమిషములు వేసి తీయు యింట నక్షత్రములవలన అంత భేదము రాదు. ఈ మాట దుకాణములో ఎవరును చెప్పరు.

మా యింట గీజరు రెండవ యేటికే మూలపడినది. విప్పి చూచిన వాడు లోపలినుండి దోసెడు తెల్లని సుద్ద తీసెను. బోరునీటి మహిమ! బోరునీటిలో కఱగియున్న సున్నము వేడి తగిలినంతనే విడిపడి తీగచుట్టను కప్పివేయును. సుద్ద పట్టిన కొలది నీరు ఆలస్యముగా వేడెక్కును, బిల్లు పెరుగును, తుదకు తీగ కాలిపోవును. రెండేండ్లకొకసారి విప్పించి శుభ్రము చేయించుకొనినచో మా వలె నష్టపోరు. గీజరు క్రింద చిన్న కవాటమునుండి చుక్కచుక్కగా నీరు కాఱుట చూచి దానిని గుడ్డతో బిగగట్టువారున్నారు. అది లోపలి ఒత్తిడిని వెలుపలికి విడుచు ద్వారము. మూసినచో తొట్టి పగులును.

ఇక సూర్యుని సంగతి.

ఎండతో నీరు కాచుకొనుట కొత్త విద్య కాదు. మన ముందు తరమువారు పసిబిడ్డ నీళ్ళను ఇత్తడి గంగాళముతో ఎండలో పెట్టుటయు ఆ విద్యయే. 1767లో జెనీవా నగరపు హొరాస్ ద సోస్యూర్ అను పండితుడు అద్దములు కప్పిన పెట్టెను ఎండలో నుంచి, లోపలి వేడిమి నీరు మరుగు వేడిని మించునని చూపెను. 1891లో అమెరికాలో బాల్టిమోరు నగరమున క్లారెన్స్ కెంప్ అనునాయన ఆ పెట్టెలో నల్లరంగు తొట్లు పెట్టి అమ్మకమునకు తెచ్చెను. ఆయన మొదట ఎవరికి అమ్మజూచెనో తెలిసిన సోదరీమణులు నవ్వకుండలేరు. భార్యలు పనివారిని వెంటబెట్టుకొని వేసవి విడుదులకు పోగా, ఇంట ఒంటిగా మిగిలి నీళ్ళు కాచుకొనుట చేతగాని పెద్దమనుష్యులకు! ఆ యంత్రమునకు లోపమొకటి యుండెను. సాయంకాలము వేడియైన నీరు తెల్లవాఱునప్పటికి చల్లబడిపోవును. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ తొట్టిని వేఱుచేసి, కంబళిలో చుట్టి, ఎండ తగులు గొట్టములకు పైన నుంచెను. పగలు కాగిన నీరు తెల్లవాఱువఱకు వేడిగా నిలిచెను. ఇప్పుడు మన డాబాల మీద కనబడునది దాని మనుమరాలే.

అది పనిచేయు తీరు మిక్కిలి సులభము. వేడినీరు తేలిక, చన్నీరు బరువు. ఎండ తగిలిన గొట్టములోని నీరు వేడెక్కి పై తొట్టిలోని కెక్కును. తొట్టి అడుగున నున్న చన్నీరు గొట్టములోనికి దిగును. పంపు లేదు, విద్యుత్తు లేదు, చప్పుడు లేదు. ఇప్పటి గొట్టములు రెండు పొరల గాజువి. నడుమ గాలి తీసివేయబడియుండును. కాఫీ ఫ్లాస్కులో వేడి నిలుచుటయు ఈ ఉపాయముతోనే. పూర్వపు రాగిగొట్టముల పలకలకంటె బోరునీటి సుద్దకు ఇవి కొంత తట్టుకొనును.

ఎంతటిది కావలెను? 60 డిగ్రీల వేడినీరు 100 లీటర్లున్నచో చన్నీళ్ళు కలిపి 225 లీటర్ల స్నానపు నీరగును. అనగా పదునొకండు బిందెలు. నలుగురైదుగురున్న యింటికి 100 లీటర్లది చాలి, అంట్లకును మిగులును. రెండువందలది కొనిపింపజూచువాని మాట వినవలదు. గొట్టములు దక్షిణమునకు అభిముఖముగా, ఏ చెట్టునీడయు పొరుగు మేడనీడయు పడనిచోట నుండవలెను. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 19 డిగ్రీల దూరమున నున్నది. చలికాలపు సూర్యుడు దక్షిణమునకు వాలును గనుక గొట్టములను 30 డిగ్రీల వాటమున నిలిపిన ఆ కాలమున ఎండ బాగుగా పట్టును. చన్నీటి తొట్టి దానికంటె ఎత్తుగా నుండవలెను. ఈ ఎత్తు లేక, కొని తెచ్చిన తరువాత తొట్టికి ఇటుక దిమ్మె కట్టించినవారు మా వీధిలో ఇద్దఱు.

డాబామీదనుండి స్నానాలగదికి వచ్చు గొట్టము పొడవును ముందే కొలువుడు. అరయంగుళపు గొట్టము పదునైదు మీటర్లున్నచో అందులో రెండున్నర లీటర్ల నీరు నిలిచి చల్లబడియుండును. కుళాయి త్రిప్పినప్పుడెల్ల అంత నీరు పాఱబోసిన గాని వేడినీరు రాదు. గొట్టమునకు నురుగు తొడుగు వేయించుటకు పెద్ద ఖర్చు కాదు. పనివాడు దానిని మఱచిపోవుట మాత్రము మామూలు.

మధ్యాహ్నమున గొట్టములు ఖాళీగా ఎండలో కాలుచున్నప్పుడు పై తొట్టికి నీరు వదలరాదు. వేడిగాజు మీద చన్నీరు పడి ఫెళ్ళున పగులును. నీరెండిపోయిన దినమున సాయంకాలము చల్లబడిన తరువాతగాని, మఱునాడు సూర్యోదయమునకు ముందుగాని నింపవలెను.

గాలివాన మాట చెప్పక మన ఊరిలో డాబామీది వస్తువును గుఱించి వ్రాయుట తగదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుఫాను పలాసకు చేరువనే తీరము దాటినది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానములో తరముల నాటి కొబ్బరి, జీడి, పనస ఒక్క పూటలో నేలకొఱిగినవి. పిమ్మట దినములతరబడి విద్యుత్తు లేదు. గీజర్లున్నవారును రాడ్లున్నవారును మరల మూడు రాళ్ళ కడకే వచ్చిరి. కట్టెకు మాత్రము ఆ యేడు కొదువ లేదు. పండ్లిచ్చు చెట్లను నఱికి నీళ్ళకాగు క్రింద పెట్టుచు ఏడ్చినవారిని ఎఱుగుదుము. కావున సౌరయంత్రపు కాళ్ళను డాబా కాంక్రీటులోనికి మరలతో బిగింపవలెను. రాళ్ళు పెట్టి నిలుపుట పనికిరాదు. తుఫాను వార్త వచ్చినపుడు తొట్టిని నీటితో నింపియుంచుడు. బరువు గాలికి నిలుచును. డాబామీది విఱిగిన కుర్చీలు, రేకుముక్కలు క్రిందికి దింపుడు. గాజుగొట్టములను పగులగొట్టునవి అవే. సముద్రమునకు దగ్గఱి ఊళ్ళవారు జింకు పూత లేని ఇనుప కాళ్ళను ఒప్పుకొనరాదు. ఉప్పుగాలికి అవి త్వరలోనే తుప్పుపట్టును.

ధర ఇరువదివేల ప్రాంతము. పూర్వము దీనికి కేంద్రప్రభుత్వము కొంత సాయమిచ్చెడిది. 2014లో అది నిలిచిపోయినది. "సబ్సిడీ వచ్చును, ముందు బయానా యిండు" అని ఒకాయన మా గుమ్మము తొక్కెను. ఆయన చూపిన కాగితము సూర్యుని ఎండతో విద్యుత్తు పుట్టించు పలకల పథకమునకు సంబంధించినది, నీటియంత్రమునకు కాదు. 2024లో ఆరంభమైన ఆ సూర్యఘర్ పథకములో ఒక కిలోవాట్టుకు 30 వేలు, రెంటికి 60 వేలు, మూడింటికిగాని అంతకుమించిన వానికిగాని 78 వేలు సాయము నిర్ణయింపబడినది. రెండును డాబామీదనే యుండును. రెండును సూర్యుని పేరే చెప్పును. బయానా ఇచ్చుటకు ముందు ఏది యేదో అడిగి తెలిసికొనుడు. ఎట్లును విద్యుత్తు పలకలు పెట్టించుకొనువారు వేఱుగ నీటియంత్రము కొననక్కఱలేదు. మంచి గీజరొకటి చాలును.

ఇరువదివేలు తిరిగి వచ్చునా? ఇచ్చట ఉన్నదున్నట్లు చెప్పుదుము. మన ఊరిలో వేణ్ణీళ్ళు కార్తికము మొదలు మాఘము వఱకు నాలుగు నెలలు మాత్రమే వాడు యింట, గీజరుకు ఏడాదికి అగునది పదునాలుగు వందల రూపాయలు. ఆ ఖర్చు తప్పించుటకు ఇరువదివేలు పెట్టిన పదునాలుగేండ్లు పట్టును. అంతలో గొట్టములు మార్పవలసివచ్చును. అట్టివారు చిన్న గీజరు కొని, మీట తీయుట నేర్చుకొనుట మేలు. వృద్ధులు, కీళ్ళనొప్పులవారు, చంటిబిడ్డలు ఉండి ఏడాది పొడవున వేణ్ణీళ్ళు కావలసిన యింట ఏడాదికి నాలుగువేలకు పైబడును. ఐదేండ్లలో సొమ్ము తిరిగి వచ్చును. కట్టెపొయ్యి మీద ఇంకను కాచుచున్న యింట లెక్క వేఱు. అచ్చట మిగులునది రూపాయలలో కొంతయే. ఇల్లాలి ఉదయపు గంట, ఆమె ఊపిరి మిగులును. వీనికి ధర కట్టుట ఆ యింటివారి పని.

గాలిలోని వేడిని లాగి నీటికిచ్చు హీట్ పంపు అను యంత్రము కలదు, ఫ్రిజ్జును తిరుగవేసినట్టిది. ఒక యూనిట్టు తిని మూడు యూనిట్ల వేడిమి నిచ్చును. మన వంటి వెచ్చని సముద్రతీరమునకు బాగుగా అమరును. అయితే వెల హెచ్చు. పెద్ద సత్రములకు, ఆసుపత్రులకు తగును. అద్దె యింటివారికి డాబా తమది కాదు గనుక గీజరే గతి. ఇల్లు మారునప్పుడు విప్పి తీసికొనిపోవచ్చును.

పిల్లలున్న యింట ఒక జాగ్రత్త. గీజరైనను సౌరయంత్రమైనను తొట్టిలోని నీరు 60 డిగ్రీలకు చేరుట మంచిదే. గోరువెచ్చగా దినములతరబడి నిలువయున్న నీటిలో చెడ్డ సూక్ష్మజీవులు పెరుగును. కాని 60 డిగ్రీల నీరు పసివాని చర్మమును కొన్ని క్షణములలో పొక్కించును. ఎండలు మెండుగా కాయు దినములలో సౌరయంత్రపు నీరు అంతకు మించియు కాగును. బిందెలో మొదట చన్నీళ్ళు పోసి, తరువాత వేణ్ణీళ్ళు కలుపుట అందఱికి అలవాటు చేయవలెను. ఆ నీటిని వంటకు వాడుటయు మంచిది కాదు.

మా యింట మామగారికి ఎనుబది దాటినవి. ఆయనకు వైశాఖములోను వేణ్ణీళ్ళే కావలెను. కావున మేము 100 లీటర్ల సౌరయంత్రము పెట్టించితిమి. ముసురు పట్టిన దినముల కొఱకు గోడకు చిన్న గీజరు నిలిచియున్నది. అత్తగారు మాత్రము మొదటి నెల ఆ నీటిని నమ్మలేదు. నిప్పు చూడని నీరు ఒంటికి పడదనిరి. తరువాత ఒకనాటి యుదయమున మేము లేచునప్పటికే ఆమె స్నానము ముగించి తులసి కడ కూర్చుండియుండిరి. రాగికాగు తోమించి అటకమీద పెట్టించితిమి. వచ్చు పుష్యములో కోడలి కాన్పు, అప్పటికి దింపవలెను.